అవే పదిహేను వాట్లు

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం పంపమని సంపాదక వర్గం నుంచి ఫోన్ వచ్చినప్పుడు, బడి జ్ఞాపకాలు రాస్తానన్నాను. “అవి ఇప్పటికే చాలా వచ్చాయండీ. మీరు హైదరాబాద్‌లో ఏం చేస్తారో మాలో సగం మందికి తెలియదు, అది రాయండి” అన్నారు. న్యాయమైన మాటే. నేను 1986 పదో తరగతి బ్యాచ్. ముప్పై ఏళ్లుగా చిప్‌ల డిజైన్‌లో ఉన్నాను. అందులో నా వంతు, చిప్ ఎంత కరెంటు తాగుతుందో లెక్క చూడటం, ఆ లెక్కను కిందికి దించడం. ఈ వ్యాసంలో చెప్పబోయే చిప్ మీద నేను పనిచేయలేదు. అదే ఊళ్లో, అదే వృత్తిలో, వేరే సంస్థలో ఉండి దూరం నుంచి చూశాను. అందుకే కాస్త నిర్మొహమాటంగా రాయగలననుకుంటున్నాను.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు షాపులో ఇచ్చే కాగితంలో ప్రాసెసర్ గురించి నాలుగైదు అంకెలు ఉంటాయి. ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్, ఎన్ని నానోమీటర్లు, ఎన్ని వాట్లు. కొనేవాళ్లు మొదటి రెండూ చూసి సరిపెట్టుకుంటారు. చివరి అంకె అర్థం ఏమిటంటే, ఆ చిప్ నిలకడగా పనిచేసేటప్పుడు ఎంత వేడిని బయటికి తోడేసే ఏర్పాటు ఉండాలి అని. ల్యాప్‌టాప్ ఎంత పలచగా ఉండొచ్చు, ఫ్యాన్ ఎంత మోత పెడుతుంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అన్నవి చాలావరకు ఆ ఒక్క అంకెలోనే ఉన్నాయి.

ఇప్పుడు రెండు చిప్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది 1993లో ఇంటెల్ విడుదల చేసిన తొలి పెంటియం. అందులో 31 లక్షల ట్రాన్సిస్టర్లు, వేగం 60, 66 మెగాహెర్ట్జ్, ఖర్చు సుమారు 15 వాట్లు. అది బల్ల మీద పెట్టే కంప్యూటర్ చిప్. అంత వేడి ఏమిటని ఆ రోజుల్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. రెండోది 2015 జూన్‌లో తైపేలో జరిగిన కంప్యూటెక్స్ ప్రదర్శనలో ఏఎండీ కంపెనీ విడుదల చేసిన కరీజో. అందులో 310 కోట్ల ట్రాన్సిస్టర్లు, అంటే సరిగ్గా వెయ్యి రెట్లు. దీన్ని ఎక్కువగా వాడింది ఎన్ని వాట్ల దగ్గరో తెలుసా? పదిహేను. ఇరవై రెండేళ్లలో పని వెయ్యింతలైంది, కరెంటు మాత్రం అక్కడే ఉంది. ఈ కరీజోను రూపొందించడంలో పెద్ద భాగం మన హైదరాబాద్‌లో జరిగింది. అందుకే దీని గురించి రాస్తున్నాను.

వెయ్యి రెట్లు ఎలా సాధ్యమైందంటే, మొదటి మెట్టు మనం ఫిజికల్ సైన్సులో చదువుకున్నదే. వోల్టేజీ మారితే కరెంటు ఖర్చు దాని వర్గం చొప్పున మారుతుంది. తొలి పెంటియం 5 వోల్టుల మీద నడిచేది. నేటి చిప్‌లోని కోర్లు ఒక వోల్టుకు అటూ ఇటూగా నడుస్తాయి. అయిదో వంతు వోల్టేజీ అంటే ఖర్చు ఇరవై అయిదో వంతు. మిగతాది ట్రాన్సిస్టర్ చిన్నదవుతూ రావడం వల్ల వచ్చింది. ఈ రెండూ కర్మాగారం ఇచ్చే వరాలు, డిజైన్ చేసేవాడి గొప్ప అందులో తక్కువ. 2000 సంవత్సరం దాటాక ఈ వరం సన్నగిల్లింది. వోల్టేజీ ఒక వోల్టు దగ్గరికి వచ్చి, ఇక దిగనని మొరాయించింది. అప్పటి నుంచి పొదుపు బరువు డిజైనర్ల మీద పడింది.

ల్యాప్‌టాప్ కోసమే చిప్ చేయాలన్న ఆలోచన అంతకు ముందే ఉంది. 1990లో వచ్చిన ఇంటెల్ 386 ఎస్ఎల్‌లో, పని లేనప్పుడు యంత్రం భాగాలను నిద్రపుచ్చే ఏర్పాటు పెట్టారు. 2000 జనవరిలో ట్రాన్స్‌మెటా అనే చిన్న కంపెనీ క్రూసో అనే చిప్ తెచ్చి, పనిని బట్టి వేగాన్నీ వోల్టేజీనీ రెండింటినీ ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చని చూపించింది. ఆ కంపెనీ నిలబడలేదు, ఆలోచన నిలబడింది. 2003 మార్చిలో ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం ఇంటెల్ కోసం చేసిన పెంటియం ఎం వచ్చింది. ప్రధాన కార్యాలయం గిగాహెర్ట్జ్ పందెంలో మునిగి ఉన్న కాలంలో ఆ బృందం ఎదురు దారి పట్టింది. 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర 24.5 వాట్లతో నడుస్తూ, తనకంటే చాలా ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న పెంటియం 4తో సమానంగా పరుగెత్తింది. పొదుపు చిప్‌ల చరిత్రలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం అది. ప్రధాన కార్యాలయానికి దూరంగా ఉన్న బృందానికి ఒక్కోసారి ఆ దూరమే మేలు చేస్తుంది.

హైదరాబాద్ విషయానికి వద్దాం. ఆ ఊరికి ఎలక్ట్రానిక్స్ ఎక్కడి నుంచి వచ్చిందంటే మన జిల్లావాళ్లు కాస్త గర్వంగానే జవాబు చెప్పొచ్చు. భీమవరం దగ్గరి మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు, అంటే ఏ.ఎస్.రావు గారు, కాశీలోనూ స్టాన్‌ఫర్డ్‌లోనూ చదువుకుని, అణుశక్తి విభాగంలో పనిచేసి, 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. అక్కడి నుంచి 1969లో టీడీసీ 12 అనే కంప్యూటర్ బయటికొచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. మన ఇళ్లలో చాలామందికి ఈసీఐఎల్ అంటే ఈసీ టీవీయే. ఏ.ఎస్.రావు నగర్‌లో ఇల్లు కట్టుకున్న మనవాళ్లలో ఆ పేరు ఎవరిదో తెలియనివారు ఇద్దరు ముగ్గురు నాకే తగిలారు.

ఆ పునాది మీద తర్వాత చాలా వచ్చాయి. గ్రాఫిక్స్ చిప్‌లు చేసే కెనడా కంపెనీ ఏటీఐకి హైదరాబాద్‌లో ఒక డిజైన్ కేంద్రం ఉండేది. 2006లో ఏఎండీ ఏటీఐని కొనేసింది. కేంద్రం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్‌నూ ఒకే చిప్‌లో పెట్టాలన్నది ఆ కొనుగోలు ఉద్దేశం. కరీజో నాటికి ఆ వరుసలో చాలా చిప్‌లు వచ్చేశాయి. దీనికి ముందుది 2014 జనవరిలో వచ్చిన కావేరీ.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. ఇంటెల్ అప్పటికి 14 నానోమీటర్లకు దిగింది. కావేరీ 28 నానోమీటర్ల మీద తయారైంది. కరీజో కూడా అదే 28 మీదే చేయాలి, కొత్త కర్మాగారపు వరం ఏమీ లేదు. చిప్ పెద్దది కాకూడదు. పని పెరగాలి, ఖర్చు తగ్గాలి. మా వృత్తిలో ఇలాంటి ఉత్తర్వు వస్తే ముందు అందరూ నవ్వుతారు, తర్వాత కాగితం తీస్తారు.

వాళ్లు చేసిన మొదటి పని అల్లిక మార్చడం. చిప్‌లోని లాజిక్‌ను ముందే గీసి పెట్టుకున్న చిన్న చిన్న గడులతో కూరుస్తారు, ఇటుకలతో గోడ కట్టినట్టు. ప్రాసెసర్ కోర్లకు మామూలుగా ఎత్తయిన గడులు వాడతారు, వేగం వస్తుంది కాబట్టి. గ్రాఫిక్స్ వాళ్లు పొట్టి గడులు వాడతారు, ఒత్తుగా ఇమడతాయి కాబట్టి. కరీజోలో ప్రాసెసర్ కోర్లకు కూడా ఆ గ్రాఫిక్స్ రకపు పొట్టి గడులే వాడారు. మన నరసాపురం లేసు అల్లేవారికి ఇది వెంటనే తెలుస్తుంది. అదే దారం, అదే సూది, అల్లిక మారింది. దాంతో కోరు విస్తీర్ణం 23 శాతం తగ్గిందనీ, కరెంటు 40 శాతం దాకా తగ్గిందనీ కంపెనీ 2015 ఫిబ్రవరిలో జరిగిన అంతర్జాతీయ ఘనస్థితి సర్క్యూట్ల సదస్సులో ప్రకటించింది. కావేరీలో 241 కోట్ల ట్రాన్సిస్టర్లు పట్టిన చోటులోనే, సుమారు 250 చదరపు మిల్లీమీటర్లలో, ఇప్పుడు 310 కోట్లు పట్టాయి. అంతకు ముందు మదర్‌బోర్డు మీద విడిగా ఉండే సౌత్‌బ్రిడ్జి చిప్ కూడా లోపలికి వచ్చేసింది.

దీనికీ ఒక ధర ఉంది. పొట్టి గడులతో కట్టిన కోరు ఎక్కువ వాట్లు పోసినా అంత వేగం అందుకోలేదు. తక్కువ వాట్ల దగ్గరే దాని అందం. ఎల్2 క్యాష్‌ను కూడా 4 మెగాబైట్ల నుంచి 2కు కోశారు. ఎల్1ను రెట్టింపు చేసి కొంత సర్దారు గానీ, ఆ కోత నాకు ఇప్పటికీ రుచించదు.

రెండో పని నాకు ముచ్చటైనది. 1980లలో మన వీధుల్లో సాయంత్రం పూట రైస్‌మిల్లు మోటారు స్టార్ట్ చేయగానే ఇళ్లలో బల్బులు ఒక్క క్షణం మసకబారేవి, గుర్తుందా? పెద్ద మోటారు ఒక్కసారిగా కరెంటు లాగితే లైన్‌లో వోల్టేజీ కుంగుతుంది. చిప్‌లోనూ అచ్చంగా అదే జరుగుతుంది. లక్షల ట్రాన్సిస్టర్లు ఒక్కసారి మేలుకుంటే వోల్టేజీ నానోసెకన్లపాటు కుంగుతుంది. ఆ క్షణంలో లెక్క తప్పితే కంప్యూటర్ ఆగిపోతుంది. అందుకని డిజైనర్లు ఎప్పుడూ ఓ పది పదిహేను శాతం వోల్టేజీ అదనంగా ఇచ్చి ఉంచుతారు. మిల్లు రోజుకు రెండుసార్లు స్టార్ట్ అవుతుందని ఊరంతటికీ ఇరవై నాలుగు గంటలూ ఎక్కువ వోల్టేజీ పంపడం లాంటిది అది. పైగా ఖర్చు వర్గం చొప్పున పెరుగుతుందని చెప్పుకున్నాం కదా.

కరీజోలో చేసింది ఏమిటంటే, ఆ కుంగుబాటును పసిగట్టే సర్క్యూట్ ఒకటి పెట్టి, వోల్టేజీ కుంగిన మరుక్షణమే గడియారాన్ని కాస్త నెమ్మది చేయడం. కుంగుబాటు పోగానే మళ్లీ మామూలు వేగం. పోయిన వేగం లెక్కలోకి రానంత తక్కువ. అదనపు వోల్టేజీ మాత్రం రోజంతా మిగులుతుంది. దీనివల్ల ప్రాసెసర్‌లో 19 శాతం దాకా, గ్రాఫిక్స్‌లో 10 శాతం దాకా కరెంటు ఆదా అని కంపెనీ లెక్క. వోల్టేజీ పది శాతం తగ్గిస్తే ఖర్చు పంతొమ్మిది శాతం తగ్గుతుంది, 0.9ని 0.9తో గుణించి చూడండి. తొమ్మిదో తరగతి పిల్లలకు వర్గాల పాఠం చెప్పేటప్పుడు పనికొచ్చే ఉదాహరణ ఇది.

ఇదే కోవలో మరొకటి. ఒకే కర్మాగారంలో ఒకే రోజు తయారైన రెండు చిప్‌లు కూడా కవల పిల్లల్లా ఒకేలా ఉండవు. ఒకటి తక్కువ వోల్టేజీతో సరిపెట్టుకుంటుంది, మరొకదానికి కాస్త ఎక్కువ కావాలి. పాత పద్ధతిలో అన్నిటికీ ఎక్కువ కావలసినదాని కొలతే. కరీజోలో చిప్ లోపలే సెన్సార్లు పెట్టి, ఏ చిప్‌కు ఎంత వోల్టేజీ చాలో ఆ చిప్పే తేల్చుకునేలా చేశారు.

మూడోది నిద్ర. దీనికి మన కాలువల కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. దాళ్వాకు నీళ్లు చాలనప్పుడు వంతులు పెడతారు. మన వంతు కానప్పుడు పంటబోదె తూము మూస్తాం. మూసినా తలుపు కింద నుంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఆ ఊట కూడా పోకూడదంటే పైన లాకుల దగ్గరే కట్టేయాలి. అలా కడితే మళ్లీ వదిలినప్పుడు నీరు చివరి చేనుకు చేరడానికి టైము పడుతుంది. చిప్‌లో గడియారం ఆపడం తూము మూయడం లాంటిది. పని ఆగుతుంది, లీకేజీ ఆగదు. కరెంటే కట్ చేయడం లాకులు మూయడం. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ ఈ ఊట పెద్ద నష్టమైపోయింది. కాబట్టి ఏ భాగాన్ని ఎంతసేపు పని లేకుండా ఉంటే పూర్తిగా ఆర్పాలి, మళ్లీ లేపడానికి అయ్యే ఖర్చు ఆ ఆదాను తినేయదు కదా అన్నది రోజూ మా బల్లల మీద జరిగే వాదన. కరీజోను గాఢనిద్రలో 50 మిల్లీవాట్ల లోపుకు దించారు. 15 వాట్లతో పోలిస్తే అది మూడు వందలో వంతు.

15 వాట్లు అంటే చిన్న బల్బంత అని తేలిగ్గా తీసుకోకండి. ఒక వోల్టు దగ్గర 15 వాట్లు ఇవ్వాలంటే 15 ఆంపియర్లు పంపాలి. మన ఇళ్లలో గీజరు పెట్టే పవర్ సాకెట్ సామర్థ్యం అంతే. ఆ ప్రవాహమంతా వేలిగోరు కంటే కాస్త పెద్దదైన సిలికాన్ పలకలోకి, అందులో వెంట్రుక కంటే ఎంతో సన్నని దారుల్లోకి పంచాలి. ఆ దారులు గీయడంలోనే చాలామంది యౌవనం గడిచిపోతుంది.

పూర్తి కొలతలు కూడా చెప్పేస్తాను. వరుసలో పై మోడల్ ఎఫ్ఎక్స్ 8800పీ. రెండు జంటలుగా నాలుగు కోర్లు, 2.1 నుంచి 3.4 గిగాహెర్ట్జ్, ఎనిమిది గ్రాఫిక్స్ యూనిట్లు, హెచ్.265 వీడియోను హార్డ్‌వేర్‌లోనే విప్పే ఏర్పాటు, రెండు చానళ్ల డీడీఆర్3 మెమరీ, 12 నుంచి 35 వాట్ల మధ్య ల్యాప్‌టాప్ తయారీదారు ఇష్టం. చిప్ విడుదలైనప్పుడు హైదరాబాద్ కేంద్రం పాత్ర గురించి మన పత్రికల్లో నాలుగు రోజులు వార్తలు వచ్చాయి. అమెరికాలోని బృందాలతో కలిసి చేసిన పని అయినా, ఇందులో మనవాళ్ల వాటా చాలా పెద్దది.

ఆ నాలుగు రోజుల తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది చరిత్ర కాదు, అభినందన పత్రం అవుతుంది.

చిప్ అమ్ముడుపోలేదు. ఒంటి కోరు పరుగులో ఇంటెల్ 14 నానోమీటర్ల చిప్‌లు ముందున్నాయి, అది నిజం. కానీ కథ అంతటితో అయిపోలేదు. కరీజోకు కరీజో ఎల్ అనే చవక తమ్ముడు ఒకటి ఉండేది. రెండూ ఒకే బోర్డులో ఇమిడేలా చేశారు, తయారీదారుకు ఖర్చు కలిసొస్తుందని. తమ్ముడికి మెమరీ చానల్ ఒక్కటే. దాంతో చాలామంది తయారీదారులు బోర్డు ఒక్క చానల్‌తోనే గీసి, అన్నను తెచ్చి అందులో కూర్చోబెట్టారు. చిప్ కాగితం మీద ఉన్న రెండో చానల్ బోర్డు మీద లేదు.

ఆ రోజుల్లో మా అక్క కొడుకు ఇంజినీరింగ్‌లో చేరాడు. ఈ చిప్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి కొన్నారు. కంపెనీ పేరు ఎందుకులెండి. పండక్కి ఊరొచ్చినప్పుడు వాడు, “మావయ్యా, మన హైదరాబాద్ చిప్పే కదా, మరి ఇలా ఈడుస్తోందేం?” అన్నాడు. వెనక మూత విప్పాను. ఒకే ఒక్క 1600 రకం మెమరీ కార్డు ఉంది. రెండోది పెడదామంటే బోర్డు మీద దానికి చోటే లేదు. లెక్క చూడండి. 2133 రకం రెండు చానళ్లతో సెకనుకు 34 గిగాబైట్లు ఇచ్చి పుచ్చుకోగల చిప్ అది. ఈ బోర్డు ఇస్తున్నది 12.8. ఇందులో గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ఈ దారినే కోర్లతో పంచుకోవాలి. ఎనిమిది ఎడ్ల బండిని పిల్ల బాటలో తోలినట్టు. “చిప్పుది తప్పు కాదురా” అన్నాను గానీ, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అది జవాబుగా తోచలేదు. వాడి దృష్టిలో యంత్రం నెమ్మది, అంతే. లోకం దృష్టి కూడా అదే.

కరెంటు విషయంలోనూ ఇదే. 35 వాట్లు భరించేలా చల్లబరిచే ఏర్పాటు పెట్టిన ల్యాప్‌టాప్‌లు అరుదు. రెండున్నర వేల ఏళ్లు తపస్సు చేసి వరం తెచ్చుకున్నవాడిని వాకిట్లోనే నిలబెట్టినట్టు అయింది. మాలాంటివాళ్లం మిల్లీవాట్ల కోసం నెలల తరబడి పోట్లాడి సాధించినది, ఎక్కడో ఒక కొనుగోలు విభాగంలో వంద రూపాయల కార్డు దగ్గర పోతుంది. ఈ మాట అంటే ఆఫీసులో కుర్రవాళ్లు నిరుత్సాహపడతారని అనను. ఇక్కడ మన మధ్య కాబట్టి అంటున్నాను.

అయితే పని ఊరికే పోలేదు. 2016లో అదే 28 నానోమీటర్ల మీద, డీడీఆర్4 మెమరీతో బ్రిస్టల్ రిడ్జ్ వచ్చింది. 2017 చివర్లో జెన్ కోర్లతో, 14 నానోమీటర్ల మీద ల్యాప్‌టాప్ రైజెన్ వచ్చింది. అందులో 495 కోట్ల ట్రాన్సిస్టర్లు, అవే పదిహేను వాట్లు. కుంగుబాటును పసిగట్టడం, చిప్‌కు తగ్గ వోల్టేజీ చిప్పే తేల్చుకోవడం వంటి విద్యలు జెన్‌లోనూ కొనసాగాయి, ఇంకా పదునెక్కాయి. 2014లో ఏఎండీ, ఆరేళ్లలో తన ల్యాప్‌టాప్ చిప్‌ల విద్యుత్ సామర్థ్యాన్ని 25 రెట్లు పెంచుతానని బహిరంగంగా ప్రకటించింది. కొలతకు మొదలు కావేరీయే. 2020లో లెక్క తీస్తే 31.7 రెట్లు వచ్చింది. ఆ ఏడు వచ్చిన 4800యూ మోడల్‌లో ఎనిమిది కోర్లు, 980 కోట్ల ట్రాన్సిస్టర్లు. దాని కాగితం మీద కూడా వాట్ల గడిలో ఉన్నది పదిహేనే.

మన బడి కంప్యూటర్ గదికి సంఘం తరఫున ల్యాప్‌టాప్‌లు కొనే ప్రతిపాదన ఉందని విన్నాను. కొటేషన్లు వచ్చాక కార్యదర్శి గారు నాకు ఒక కాపీ పంపితే చూసిపెడతాను. ఎన్ని జీబీల మెమరీ అని కాక, అది ఎన్ని కార్డులుగా ఉంది, బోర్డు ఎన్ని చానళ్లది, ప్రాసెసర్‌ను ఎన్ని వాట్ల దగ్గర నడుపుతున్నారు అన్న మూడు ప్రశ్నలు షాపువారిని రాతపూర్వకంగా అడగమని కమిటీకి మనవి. జవాబు తెలియదంటే, మూత విప్పి చూపించమనండి.